కనకధ్వజుడి గొంతు

ఆ ఏటి కరపత్రంలో ముప్ఫై నాలుగు పేర్లు అచ్చయ్యాయి. రాజు వేషం కట్టే భీమేశ్వరరావుగారిది అందరికంటే పైన, అందరికంటే లావుగా. నాటకం రాసి, దర్శకత్వం కూడా వహిస్తున్న పద్మనాభంగారిది దాని కింద. ఆ తర్వాత రాణి, మంత్రి, సేనాపతి, హార్మోనియం, తబలా, మేకప్పు, చిట్టచివర సమోసాలు పంపే మిఠాయి దుకాణం. సత్తయ్య పేరు లేదు. ఉండదని అతనికి ముందే తెలుసు. ప్రూఫులు దిద్దింది అతనే మరి.

ఢిల్లీలో తెలుగు మిత్రమండలి ఏటా ఒక నాటకం వేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఏ నాటకమైనా ప్రాంప్టింగు సత్తయ్యదే. పగలు అశోకా రోడ్డు పక్కన ఒక సర్కారు ఆఫీసులో ఫైళ్ళు కదుపుతాడు. సాయంత్రాలు రిహార్సళ్ళకు పోయి, ఎవరి మాటలు వాళ్ళకు విడిగా పోర్షన్లు రాసిస్తాడు. ప్రదర్శన రోజున వేదిక పక్క గుడ్డతెర చాటున, రెండో వింగులో నిలబడి, అద్దానికి నీలం కాగితం అంటించిన టార్చి ఒక చేత, పుస్తకం ఒక చేత పట్టుకుని, అందరి మాటలూ అందరికంటే ముందు తానే అంటాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు వేదిక మీద ఉంటారు, వాళ్ళు బయటికి చెప్పరు.

బుధవారం సాయంత్రం అతను కరపత్రం తీసుకుని వసంత్ కుంజ్‌లోని తమ రెండు గదుల ఫ్లాటుకు వచ్చేసరికి కూతురు ఇషిత మంచం నిండా పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. ఇషితది తొమ్మిదో తరగతి. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. కరపత్రం చూడగానే లాక్కుంది.

"పాపా, ఆప్‌కా నామ్ కహా హై?"

"చదువు. నువ్వే దొరకబట్టు" అన్నాడు సత్తయ్య. రెండేళ్ళ కింద తను నేర్పిన అక్షరాలు ఈపాటికి మరిచిపోయి ఉంటుందని, రెండు పేర్లు చదివి విసుగొచ్చి పక్కన పడేస్తుందని అతని ధైర్యం.

ఆ ధైర్యం నిలవలేదు. ఇషిత ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, కళ్ళ డాక్టరు గోడకు తగిలించే అట్ట చదివినట్టు, "హా-ర్మో-ని-యం" అంటూ పావుగంట సేపు ముప్ఫై నాలుగు పేర్లూ చదివింది. మిఠాయి దుకాణం కూడా వదల్లేదు. చదివి, కాగితం వెనక్కి తిప్పి అక్కడ కూడా చూసి, "నహీ హై" అంది.

సత్తయ్య చెప్పులు సర్దే పని పెట్టుకున్నాడు.

పిల్ల స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. నాటకం గురించి: అందులో వాడే మాటలు, రకాలు, చరిత్ర. వచ్చే వారం లోపల ఏదో ఒక నాటకం కళ్ళారా చూడాలి, ఒక కళాకారుణ్ణి ప్రశ్నలడిగి రాయాలి, ఫోటో అంటించాలి. ఆదివారమే మిత్రమండలి నాటకం, ఇంట్లోనే కళాకారుడున్నాడని ఇషిత నిశ్చింతగా ఉంది.

"సాలిలొక్వీ క్యా హోతా హై?"

"స్వగతం బిడ్డా. మనసుల అనుకునే మాట బయటికే అంటడు. పక్కన నిలబడ్డోనికి వినబడది, ఆఖరు వరుసల కూసున్నోనికి వినబడ్తది."

ఇషిత నవ్వి రాసుకుంది. సత్తయ్యకు ఊపు వచ్చింది. మూడు వేళ్ళు అడ్డం పెట్టి జనాంతికం, అంటే పక్కవాడికే చెప్పినట్టు, ఎలా పలుకుతారో చూపించాడు. ముందు నాంది, తర్వాత సూత్రధారుడొచ్చి ప్రస్తావన, ఆపైన అంకాలు, అన్నీ అయినాక అందరూ చల్లగా ఉండాలని భరతవాక్యం. తోలుబొమ్మలాట, యక్షగానం, వీధి భాగోతం, పద్యనాటకం, సాంఘికం. "అప్పట్ల పార్శీ కంపెనీలోళ్ళు రంగుల తెరలు కట్టి ఊరూరు తిరిగిన్రు. మనోళ్ళు చూసిన్రు, ఊకుంటరా? గిట్ల మనం గూడ కట్టొచ్చు గద అనుకున్నరు." ఆఫీసులో రోజంతా 'ఎస్ సార్' తప్ప మాట్లాడని మనిషి గంటసేపు ఆగకుండా మాట్లాడాడు. వంటింట్లోంచి భార్య ఆండాళ్ రెండుసార్లు తొంగి చూసింది.

ఇషిత తన పుస్తకం వెనక ఉన్న పదాల పట్టికలో వేలు పెట్టింది. ప్రాంప్టరు అంటే, నటులు మాట మరిచిపోయినప్పుడు అందించే వ్యక్తి. ప్రేక్షకులకు కనబడకూడదు, వినబడకూడదు.

"కనబడరు, వినబడరు. మరి మీరు ఉన్నారని మేడమ్‌కు ఎట్లా చెప్పను?" అని హిందీలో అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగానే ఆమెకు అది ప్రాజెక్టులో వచ్చిన చిక్కు.

"పని మాత్రం ఉన్నది బిడ్డా. సుమారు పని గాదు. మరిచినోడు కండ్లు మీదికెత్తుతడు, నటించేటోడు నిదానంగ ఉంటడు. అది చూసి పట్టుకోవాలె. పట్టుకున్నంక మొత్తం చెప్పొద్దు. మొదటి మాట అందియ్యాలె, ఆగాలె. మిగిలింది వాని నోట్లెకెల్లే రావాలె. గది ప్రాంప్టింగు." చెప్పి, ఒక్క క్షణం ఆగి, "భీమేశ్వరరావు సార్‌కు మాత్రం మొత్తం చెప్పాలె" అన్నాడు.

"తో ఫోటో కిస్‌కా లగావూ?" అంది ఇషిత, ఫోటో ఎవరిది అంటించాలని.

వంటింట్లోంచి ఆండాళ్ అందుకుంది. "పద్దెనిమిదేండ్ల సంది పోతున్నవు. ఒక్క వేషమన్న ఇయ్యుండ్రి అని అడిగినవా ఎన్నడన్న? అడగంది అమ్మైనా పెట్టదు."

"నాదే పెట్టు బిడ్డా" అన్నాడు సత్తయ్య. "ఈసారి ఆదివారం నేను కనబడ్త."

పద్దెనిమిదేళ్ళలో పుస్తకంలో లేని మాట అతను అనడం అదే మొదటిసారి.

మర్నాడు రిహార్సలు ఇందిరాపురంలో. మిత్రమండలి అధ్యక్షులు భీమేశ్వరరావుగారు అక్కడ పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నప్పటి నుంచీ సాహిత్యసేవ అంతా ఆ భవనం అడుగున కార్లు నిలిపే చోటే జరుగుతోంది. రెండు మారుతీల మధ్య రాజసభ. రాణి వేషం వేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మైథిలి సాంత్రో కారు వెనక రెండో వింగు. ఏ కారైనా బయటికి పోవలసి వస్తే రాజ్యం పక్కకు జరుగుతుంది.

నాటకం పేరు 'కనకధ్వజ సన్యాసం'. రాజ్యం మీద విరక్తి పుట్టిన ఒక మహారాజు సింహాసనం వదిలేస్తానంటాడు. వదిలేస్తాననే మాట మూడు అంకాలు, ఇరవై ఆరు పద్యాల పాటు అంటాడు. భీమేశ్వరరావుగారికి ఆ పాత్ర అతికినట్టు సరిపోయింది. ఆయన కూడా తొమ్మిదేళ్ళుగా ప్రతి సర్వసభ్య సమావేశంలో అధ్యక్ష పదవి వదిలేస్తానంటూనే ఉన్నారు.

సూత్రధారుడు జశ్వంత్ అనే కుర్ర ఇంజనీరు. గుర్గావ్ కంపెనీలో పని, హైదరాబాదు ఇంగ్లీషు స్కూల్లో చదువు. తెలుగు చదవలేడు కనక సత్తయ్య అతని పోర్షను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాడు. అతను 'కళామతల్లి'ని 'కలామతల్లి' చేసి, 'ప్రణామం' దగ్గర ఆగి, సెల్‌ఫోను మోగితే "ఎక్స్‌క్యూజ్ మీ అంకుల్" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఇదే సమయమనుకుని సత్తయ్య సాంత్రో వెనక నుంచి బయటికి వచ్చాడు.

"సార్, ఒక మాట. నాంది, ప్రస్తావన కలిపి ఆరు నిమిషాలే గద. గది నాకియ్యరాదుండ్రి. జశ్వంత్‌కు ఆఫీసు పని గూడ ఎక్కువున్నట్టుంది. ఆరు నిమిషాలు చెప్పి మళ్ళ నా వింగుల కొస్త."

పద్మనాభంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు. మంచిగా కాదనడానికి ఆయన ఎప్పుడూ కళ్ళజోడు తుడుస్తారు.

"నీకు రాదని కాదయ్యా సత్తయ్యా. ఈ నాటకం నాకంటే నీకే బాగా వచ్చు. కానీ నీ యాస ఉంది చూశావూ, రాజుగారి కథ ఎత్తుకునేవాడి నోట అది వచ్చిందంటే జనం ఇదేదో హాస్యనాటిక అనుకుంటారు."

"ప్రాంప్టింగుల యాస రాదు గద సార్."

"ప్రాంప్టింగు ఎవరికి వినపడుద్దయ్యా?"

కళామతల్లిని కలామతల్లి చేసినా ఫరవాలేదు గాని, తనలా జనగామ నుంచి వచ్చినవాడు 'కళామతల్లి' అని సరిగ్గా అన్నా తప్పేనన్నమాట.

భీమేశ్వరరావుగారు ఉదారంగా చెయ్యూపారు. "పోనీ ద్వారపాలకుడు ఇచ్చెయ్యండి. ఎలాగూ మాటల్లేవు కదా."

"మరి ప్రాంప్టింగు ఎవరు చేస్తారండీ?" అన్నారు పద్మనాభంగారు.

"అవునవును" అన్నారు భీమేశ్వరరావుగారు. దాంతో ఆ విషయం ముగిసింది.

ఆ తర్వాత ఆయన జేబులోంచి చిన్న ఇయర్‌ఫోను తీసి అందరికీ చూపించారు. నిరుడు మాటలు తడబడింది ప్రాంప్టింగు ఆలస్యం వల్లేనని ఆయన అభిప్రాయం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉన్నా, కాదని ఎవరూ అనలేదు. అందుకని ఈసారి కొత్త ఏర్పాటు. సత్తయ్య చొక్కాకు ఒక చిన్న మైకు. అందులో చెప్పింది తిన్నగా రాజుగారి చెవిలో పడుతుంది. రాజుగారి అంగరఖాకు ఇంకో మైకు. ఆయన పలికింది హాలంతా వినబడుతుంది. ఇయర్‌ఫోను వైరు కిరీటం కింద నుంచి వీపు వెనక్కి.

సత్తయ్యకు కోపం వచ్చింది. ఆదివారం అసలు హాలుకే పోవద్దనుకున్నాడు. బ్లూలైన్ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి, 'మీ పుస్తకం మీరే పట్టుకోండ్రి' అనే వాక్యాన్ని పదిసార్లు మనసులో చక్కగా పలికాడు. కోపం ఆశ్రమ్ చౌరస్తా దాకా బాగానే ఉంది. అక్కడ బస్సు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, మూడో అంకంలో రాజు ఆగవలసిన చోట్లకు ఇంకా ఎర్ర సిరా గుర్తులు పెట్టలేదని జ్ఞాపకం వచ్చింది. సంచీలోంచి పుస్తకం తీశాడు.

ఇంట్లో మాత్రం ఏమీ చెప్పలేదు. ఇషిత ప్రాజెక్టులో ఒక పేజీ నడుమ ఫోటో కోసం గీతలు గీసి పెట్టుకుంది.

ఆదివారం సాయంత్రం అశోకా రోడ్డు దగ్గరి హాలు నిండింది. కంటోన్మెంటు నుంచి మిలిటరీ కుటుంబాలు ఒక బస్సులో దిగాయి. ఆండాళ్, ఇషిత మూడో వరుసలో కూర్చున్నారు. ఇషిత చేతిలో అరువు తెచ్చిన కెమెరా.

మైకులవాడు బల్బీర్, లక్ష్మీనగర్ నుంచి వచ్చాడు. అతను జాగరణలకు మైకులు పెట్టే మనిషి. ఢిల్లీలో అమ్మవారి జాగరణ అంటే, ముందర శివుడు, కాళి వేషాలు కట్టినవాళ్ళు చేతులు తిప్పుతూ పెదవులు కదుపుతుంటారు. పాట పాడే అసలు మనిషి వెనక మైకు దగ్గర కూర్చుంటాడు. ఇరవై ఏళ్ళుగా బల్బీర్ చూసిన రంగస్థలం అదే. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు.

సత్తయ్య చొక్కాకు మైకు తగిలిస్తూ, "తుమ్ క్యా కర్తే హో?" అని అడిగాడు.

ప్రాంప్టరన్నాడు సత్తయ్య. ఆ మాట బల్బీర్‌కు తెలియలేదు. "పీఛే సే బోల్‌నే వాలా" అని వివరించాడు, వెనక నుంచి పలికేవాణ్ణని.

"అచ్ఛా, అచ్ఛా" అన్నాడు బల్బీర్. గౌరవంగా ఒక స్టూలు తెప్పించి సత్తయ్యను కూర్చోమన్నాడు. అతనికి అంతా అర్థమైపోయింది.

తెర లేచింది. జశ్వంత్ కలామతల్లికి దండం పెట్టి, మూడు వాక్యాలు మింగి, బతికి బయటపడ్డాడు. భీమేశ్వరరావుగారు కిరీటం ధగధగలాడుతుండగా ప్రవేశించి, ఎడమచెయ్యి ఎత్తి, నోరు తెరిచి ఆగారు. కండ్లు మీదికి లేచాయి.

సత్తయ్య అందించాడు. "కిరీటము బంగారమని లోకము. బరువని నా మెడ."

రాజుగారు అదే మాట అన్నారు, రెండు క్షణాలు ఆలస్యంగా, ఆదాయపు పన్ను నోటీసు చదివినట్టు.

హాలు చివర మైకుల మీటలుండే డబ్బా ముందు కూర్చున్న బల్బీర్ మొహం చిట్లించాడు. హెడ్‌ఫోనులో రెండు గొంతులు వస్తున్నాయి. ఒకటి మంచి గొంతు. ఇంకోటి అదే మాటను వెనకాల ఈడ్చుకొస్తోంది. ప్రతిధ్వని పట్టుకుందనుకున్నాడు. ముందున్న వేషధారి మైకు ఎవడో పొరపాటున తెరిచి పెట్టాడనుకున్నాడు. ఆ మీట పూర్తిగా కిందికి దించి, వెనక నుంచి పలికేవాడి మీట పైదాకా తోశాడు. పని చక్కబడింది.

వేదిక మీద ఇదేమీ తెలియలేదు. స్పీకర్లు హాలు వైపు తిరిగి ఉన్నాయి. రాజుగారికి ఒక చెవిలో ఇయర్‌ఫోను, ఇంకో చెవి మీద కిరీటపు రేకు. సత్తయ్యకు మొదట తెలిసింది నిశ్శబ్దం. ప్రతి ఏడూ మొదటి అంకంలో వినబడే దగ్గులు, పల్లీకాయల చప్పుడు, పిల్లల ఏడుపులు ఆగిపోయాయి. తర్వాత చప్పట్లు వచ్చాయి. అవి రాజుగారి పెదవులు పద్యం ముగించక ముందే వచ్చాయి.

ఏదో తేడా ఉందనుకున్నాడు గాని, అప్పుడే రాజుగారి భుజం మీది పట్టు కండువా జారడం చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా మాటలతో పాటు ఇలాంటివి అందించడం కూడా అతని పనే.

"సార్, కండువా జారుతున్నది. జర మీదికి తీస్కోండ్రి."

హాలు గొల్లుమంది. రాజుగారు కండువా సర్దుకున్నారు. అలవాటు కొద్దీ పెదవులతో ఆ వాక్యం కూడా శ్రద్ధగా పలికారు. హాలు మళ్ళీ గొల్లుమంది. తన అభినయం ఈసారి జనానికి ఎక్కుతోందని ఆయనకు ఉత్సాహం వచ్చింది.

పద్మనాభంగారు పంచె ఎత్తిపట్టుకుని వింగులోకి పరిగెత్తుకొచ్చారు. సత్తయ్య మైకును అరచేత్తో గట్టిగా మూసి, "ఏవిటయ్యా ఇది? హాలంతా నీ గొంతే" అన్నారు.

కనబడకూడదు, వినబడకూడదు. పద్దెనిమిదేళ్ళ పనితనం ఒక్క సాయంత్రంలో బజారు పాలైంది. "నేనేం జెయ్యలే సార్" అన్నాడు సత్తయ్య.

"ఆ మైకులవాడికి చెప్పి వచ్చా. సబ్ ఠీక్ హై, పబ్లిక్ ఖుష్ హై అంటున్నాడు."

ఇంతలో మైథిలి తన వాక్యం ముగించి రాజు వైపు తిరిగింది. రాజుగారు నోరు తెరిచి, కళ్ళు పైకెత్తి నిలబడ్డారు. హాలు ఎదురు చూస్తోంది. పద్మనాభంగారు ఒకసారి రాజు వైపు, ఒకసారి జనం వైపు చూశారు. నెమ్మదిగా అరచెయ్యి తీసేశారు.

"తర్వాతి పద్యం అందుకో" అన్నారు గుసగుసగా.

ఈసారి సత్తయ్యే తన చేత్తో మైకు మూశాడు. "యాస సంగతేంది సార్?"

"అందుకోవయ్యా బాబూ."

సత్తయ్య స్టూలు మీంచి లేచాడు. ఇన్నాళ్ళూ గొంతులోనే అణిచిపెట్టి, గాలి బయటికి రాకుండా పలికిన పద్యాన్ని నిండుగా తెరిచి పాడాడు. హార్మోనియం మనిషి ఉలిక్కిపడి, తేరుకుని, శ్రుతి అందించాడు. రాగం చివర సత్తయ్య లాగినంత సేపూ రాజుగారు చెయ్యి ఎత్తే ఉంచారు. మాట పట్టుకోవాలన్న బెంగ లేకపోయేసరికి భీమేశ్వరరావుగారికి జీవితంలో మొదటిసారి నటన వచ్చింది. కన్నీళ్ళు కూడా వచ్చాయి. మిలిటరీ వరుసలోంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. ఆయన వంగి నమస్కరించారు. సత్తయ్య మళ్ళీ పాడాడు. అతనికి సిగ్గుగా ఉంది, ఆపాలని మాత్రం లేదు.

చివర్న కనకధ్వజుడు కిరీటం తీసి కింద పెట్టి అడవికి పోవాలి. తీస్తే వైరు బయటపడుతుంది. అందుకని సన్యాసానికి కిరీటంతోనే వెళ్ళాడు. జనం దాన్ని కూడా మెచ్చుకున్నారు.

మిత్రమండలి ఆచారం ప్రకారం భరతవాక్యం తర్వాత నాయకుడు వేషంలోనే వచ్చి కృతజ్ఞతలు చెబుతాడు. ఆ కాగితం రాసేది సత్తయ్యే, అందించేదీ సత్తయ్యే. దీపాలు వెలిగాయి. భీమేశ్వరరావుగారు చేతులు జోడించి నిలబడ్డారు. హాలంతా సత్తయ్య గొంతు వినబడింది. నాటక రచయిత పద్మనాభంగారికి, రాణి మైథిలికి, సూత్రధారి జశ్వంత్‌కు. హార్మోనియం వాళ్ళకు, తబలా వాళ్ళకు, మేకప్పు వాళ్ళకు. ఒక్కొక్క పేరుకూ రాజుగారి పెదవులు వెనకాలే కదిలాయి. మిఠాయి దుకాణం కూడా అయిపోయింది.

అక్కడితో కాగితం అయిపోయింది. కానీ రాజుగారు నోరు సగం తెరిచి ఆగారు, ఇంకా ఉందేమోనని. హాలు కూడా ఆగింది. ఎవరూ లేవలేదు.

తర్వాతి మాట ఏమిటో సత్తయ్యకు తెలుసు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంకొకరి మాట ఎన్ని వేలసార్లయినా అనగలడు. ఇది తన పేరు. ఎట్లా అనుకోవాలో తెలియక కళ్ళు పైకెత్తాడు.

మూడో వరుసలో ఇషిత లేచి నిలబడింది. రెండో వింగు ఎక్కడుందో ఆమెకు తెలుసు. చీకట్లో ఉన్న ఆ గుడ్డతెర వైపే చూస్తూ, కరపత్రం చదివినప్పటిలాగే ఒక్కో అక్షరం మీద వేలు పెట్టినట్టుగా, తెలుగులో, హాలు మొత్తానికి వినబడేలా అంది.

"ప్రాం-ప్టిం-గు."

అని ఆగింది. మొదటి మాట అందించి ఆగాలని అతనే నేర్పాడు.

మిగిలింది సత్తయ్య నోట్లోంచే వచ్చింది. "సత్తయ్య" అన్నాడు. స్పీకర్లు అన్నాయి. ఆ వెంటనే, ఇరవై ఆరు పద్యాల అలవాటుతో, కనకధ్వజ మహారాజు కూడా చేతులు జోడించి, తల కొంచెం వంచి, "సత్తయ్య" అన్నారు. ఆ మాట ఆయన అన్నట్టు పెదవులను చూసి హాలంతా తెలుసుకుంది.

చప్పట్లు మొదలయ్యాయి. ఆండాళ్ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఇషిత కెమెరా ఎత్తి వింగు వైపు పట్టుకుని, బయటికి రమ్మని ఎడమచేత్తో సైగ చేస్తోంది. సత్తయ్య అలవాటుగా పుస్తకం మీద టార్చి వేసి తర్వాత ఏముందో చూసుకున్నాడు. ఏమీ లేదు. టార్చి ఆపి, స్టూలు మీద పెట్టి, ముందుకు నడిచాడు.